విండోస్ పక్కన ఉబుంటు వేసుకుంటే క్లయింట్ల ఫైళ్లు భద్రమేనా?

బెజవాడ_ట్యాక్స్:
అందరికీ నమస్కారం. విజయవాడలో చిన్నగా ట్యాక్స్ కన్సల్టెన్సీ చేసుకుంటున్నాను. క్లయింట్ల ఆధార్, పాన్, ఫారం 16లు అన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. ట్యాలీ కోసం విండోస్ తప్పదు. సాయంత్రం అయితే అదే ల్యాప్‌టాప్ మా అబ్బాయి చేతికి వెళ్తుంది. వాడు ఎక్కడెక్కడి క్రాక్ గేములో తెచ్చి ఎక్కిస్తాడు. అందుకే పోయిన నెల పక్కన ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ వేయించి, కాగితాలన్నీ అటు మార్చాను. విండోస్‌లోంచి చూస్తే ఆ ఫైళ్లు కనబడవు కాబట్టి ఇక టెన్షన్ లేదనుకున్నాను. మా తమ్ముడేమో "రెండు ఉంటే రెండింటి రిస్కూ నీదే" అంటున్నాడు. నిజమేనా?

నల్లతెర:
మీ తమ్ముడి మాటే నిజమండీ. కనబడకపోవడం వేరు, తాళం వేసి ఉండడం వేరు. ఫైళ్లు దాచడానికి ఉబుంటు వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతి విండోస్‌కి సొంతంగా అర్థం కాదు, అంతే. దాన్ని చదివే ఉచిత టూల్స్ విండోస్‌కి ఎప్పటినుంచో ఉన్నాయి. అడ్మిన్ హక్కులు దొరికిన ప్రోగ్రామ్ డిస్క్ మొత్తాన్ని నేరుగా చదవగలదు, డిస్క్‌ని రెండు భాగాలు చేసిన పార్టిషన్ గీత దానికి అడ్డం కాదు. గేమ్ ఎక్కించేటప్పుడు తెర మసకబారి, మార్పులు చేయనివ్వాలా అని ఒక పెట్టె అడుగుతుంది చూడండి. అక్కడ 'ఎస్' నొక్కితే ఆ హక్కులు ఇచ్చేసినట్టే.

అటు నుంచి ఇటు రావడం ఇంకా తేలిక. మీరే చేసి చూడండి. ఉబుంటులో ఫైల్స్ తెరిచి, ఎడమ పక్కన ఉన్న విండోస్ డ్రైవ్ మీద నొక్కండి. విండోస్ డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో లేకపోతే యూజర్స్, అందులో మీ పేరు, డాక్యుమెంట్స్, ట్యాలీ డేటా వరసగా వచ్చేస్తాయి. ఉబుంటు పాస్‌వర్డ్ అడిగితే అడగొచ్చు, విండోస్‌ది మాత్రం అడగదు. ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని వచ్చిన ఎవరికైనా ఇంతే. కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు డేటాని మార్చేసే ఎన్‌క్రిప్షన్ రెండు వైపులా లేకుండా ఇది రక్షణ కాదు.

తెనాలి_రిపేర్:
అన్నా, మీరు చెప్పింది తప్పని కాదు గానీ ఆయన్ని మరీ భయపెడుతున్నారు. నేను పదకొండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. డేటా దొంగలు పట్టుకుపోయారని వచ్చినవాళ్ల కంటే, తాళం చెవి పోగొట్టుకుని వచ్చినవాళ్లే నాకు ఎక్కువ.

మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు ల్యాప్‌టాప్ తెచ్చారు. తెర నీలంగా ఉంది, 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. ఎన్‌క్రిప్షన్ ఆన్ అయిందని కూడా ఆయనకి తెలీదు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చాక, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషిన్లలో అది దానంతటదే మొదలవుతుంది. కీ ఆ అకౌంట్‌లోకి వెళ్తుంది. ఆ అకౌంటేమో కొన్నరోజున వాళ్ల అల్లుడు చేసిచ్చింది, దానికి ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు లేదు. మనవరాలి అన్నప్రాశన ఫొటోలు ఆ డిస్క్‌లోనే ఉండిపోయాయి. నేనేం చేయలేకపోయాను. ఇలా రెండు సిస్టమ్‌లు పెట్టుకునే డ్యూయల్ బూట్‌లో ఈ గొడవ ఇంకా ఎక్కువ, మెషిన్ మొదలయ్యే బూట్ సెట్టింగ్ కాస్త కదిలినా బిట్‌లాకర్ కీ అడుగుతుంది. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత చాలామందికి లినక్స్ బూటే కాలేదు, గుర్తుందా?

విండోస్‌లోకి దూరే దొంగ ప్రోగ్రాములు ఎక్కువగా వెతికేది బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, సీ డ్రైవ్‌లోని ఫైళ్లు. పక్క పార్టిషన్‌ని చదివే శ్రమ పడేవి తక్కువ. ఆయన అటు మార్చడం వల్ల ఎంతో కొంత మేలే జరిగింది.

నల్లతెర:
మాస్టారి సంగతి చదివి బాధేసింది. మీ అనుభవాన్ని కాదనను. కానీ ఒకటి ఆలోచించండి. ఈయన దగ్గరున్నవి సొంత ఫొటోలు కావు, ఊళ్లోవాళ్ల ఆధార్‌లు. సొంత ఫైళ్ల విషయంలో రిస్క్ తీసుకునే హక్కు మనకుంటుంది. నమ్మి ఇచ్చినవాళ్ల కాగితాల విషయంలో ఉండదు.

ఇంకోటి, 'అటు మార్చాను' అన్నారు. వాట్సాప్‌లో వచ్చినవి విండోస్ డౌన్‌లోడ్స్‌లో మిగల్లేదని చూసుకున్నారా? రీసైకిల్ బిన్? నిద్రాణ స్థితిలోకి పంపేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా విండోస్ హైబర్‌ఫిల్ అనే ఫైల్‌లో రాసి పెడుతుంది, అదీ ఆ డిస్క్‌లోనే.

రాత్రి_షిఫ్ట్:
రెండు వైపులా తాళం వేసినా ఒక గది తెరిచే ఉంటుంది. బూట్ మొదలయ్యే ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉంటుంది, దానికి ఎన్‌క్రిప్షన్ లేదు, రెండు సిస్టమ్‌లూ అందులో రాయగలవు. 2009లోనే భద్రతా పరిశోధకురాలు జొవానా రుట్కోవ్‌స్కా ఈ దారి చూపించారు: గదిలో వదిలేసిన ల్యాప్‌టాప్‌లో బూట్ భాగాన్ని మార్చేస్తే, తర్వాత యజమాని కొట్టే పాస్‌వర్డే దొంగకి చేరుతుంది. 2023లో ఈసెట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన బ్లాక్‌లోటస్ అనే దొంగ ప్రోగ్రామ్ కూడా ఈ పార్టిషన్‌లోనే తిష్ఠ వేస్తుంది. భద్రత కోసమే తయారైన క్యూబ్స్ ఓఎస్ అనే సిస్టమ్ వాళ్లు తమ పత్రాల్లోనే, భద్రత కావాలంటే పక్కన ఇంకో సిస్టమ్ పెట్టొద్దంటారు. నా ఓటు వేరే మెషిన్‌కే. పాత ల్యాప్‌టాప్ అయినా చాలు, అందులో క్లయింట్ పని తప్ప ఇంకేం చేయొద్దు.

తెనాలి_రిపేర్:
బ్లాక్‌లోటస్ దాకా ఎందుకండీ. ముందు ఈ రాత్రే అబ్బాయికి అడ్మిన్ హక్కులు లేని అకౌంట్ చేసివ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ వాడికి చెప్పకండి. ఖర్చు లేదు, పది నిమిషాల పని. వేరే మెషిన్ కొనగలిగితే మంచిదే, కాదనను.

బెజవాడ_ట్యాక్స్:
నల్లతెర గారు చెప్పినట్టు చేసి చూశాను. రెండే నొక్కులకి విండోస్‌లోని ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి. డౌన్‌లోడ్స్‌లో ముప్పై ఒక్క ఫారం 16లు ఉన్నాయి, పోయిన ఏడాదివి. చేతులు చల్లబడ్డాయి. అబ్బాయికి వేరే అకౌంట్ చేశాను. వాడు అలిగాడు. ఉబుంటుకి ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ పెట్టాలంటే మళ్లీ మొదటి నుంచి వేయాలా?

నల్లతెర:
మళ్లీ వేయడమే మేలండీ, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పెట్టాలి. ముందు క్లయింట్ ఫైళ్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. విండోస్‌లో బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే, ఉబుంటు ముట్టుకునే ముందే ఆ 48 అంకెలు ప్రింట్ తీసి ఇంటి పత్రాలున్న బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం వద్దు.