అప్‌డేట్: మావయ్యకు వేట నిషేధ భృతి విషయం

పోయినసారి అడిగింది గుర్తుందా? మేము గుంటూరులో ఉంటాం, మా మావయ్య నిజాంపట్నం వైపు బోటు మీద కూలీగా వెళ్తాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట ఆపినందుకు ప్రభుత్వం ఇచ్చే 20,000 రూపాయల జాబితాలో ఆయన పేరు లేదు. ఊళ్లో పార్టీవాళ్లేమో "మా కండువా కప్పుకో, చూద్దాం" అన్నారు. ఎవరిని కలవాలని అడిగాను.

మీలో చాలామంది చెప్పినట్టే నాయకుల్ని పక్కనపెట్టి, సోమవారం బాపట్ల కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. (2022లో జిల్లా విడిపోయి నిజాంపట్నం బాపట్ల జిల్లాలోకి వెళ్లింది కదా, గుంటూరులో ఇస్తే కుదరదు.) రసీదు తీసుకుని గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి కలిశాం. పేర్లు బోటువారీగా రాస్తారట. సర్వేకి వచ్చిన రోజు మావయ్య ఆసుపత్రిలో ఉన్నాడు, ఆయన చోట వేరే పేరు ఎక్కింది. ఆ వేరే మనిషి ఎప్పుడూ వల పట్టినవాడు కాదు. నాకు ఒళ్లు మండింది.

బోటు యజమాని మంచివాడు, మావయ్య తన దగ్గరే పనిచేస్తాడని రాసిచ్చాడు. మళ్లీ విచారణ చేసి పేరు చేర్చారు. డబ్బు ఇంకా పడలేదు, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు మాత్రం సరిచూసుకున్నాం.

ఇది సర్కారు సొమ్ము, ఏ పార్టీ జేబులోదీ కాదు. మీ వాళ్లెవరైనా ఇలాగే మిగిలిపోతే సచివాలయంలో జాబితా అంటించగానే వెళ్లి చూసుకోమనండి. అభ్యంతరం అప్పుడే రాసివ్వాలి. అర్జీ నమూనా కావాలంటే అడగండి, పెడతాను.