సమస్యాపూరణం: “పత్ని చెంతనున్న బ్రహ్మచారి”

అధ్యక్షపీఠం (శుక్రవారం, ఉదయం 6.40)

అందరికీ శ్రావణ శుభాకాంక్షలు. ఇన్నాళ్ళూ ఇటు తొంగిచూడలేకపోయాను. ఇంట్లో పెళ్ళి, ఆ వెంటనే అప్పగింతలు, ఆ వెంటనే అప్పులు. మొన్న మా చెల్లెలి కొడుకు భోజనానికొచ్చాడు. పెళ్ళై మూడు నెలలు. “ఏరా, కాపురం ఎలా ఉంది?” అని మా ఆవిడ అడిగితే, “బ్రహ్మచారిగా ఉన్నప్పటిలాగే ఉంది పెద్దత్తా, అద్దె మాత్రం ఎక్కువైంది” అన్నాడు. ఆ నవ్వులో పుట్టిన పాదం ఇది. మీ పద్యానికి ఇదే నాలుగో పాదం, ముందు మూడూ మీవి. పట్టండి:

*పత్ని చెంతనున్న బ్రహ్మచారి*

ఎవరెక్కడున్నారో, ఏం చేస్తున్నారో కూడా పనిలో పనిగా చెప్పండి. చాలా రోజులైంది.

కొబ్బరాకు (ఉదయం 7.55)

పీఠం గారూ, మా ఇంటికి కెమెరా ఏమైనా పెట్టారా? నాకు వైశాఖంలో పెళ్ళైంది. గచ్చిబౌలిలో రెండు గదుల ఇల్లు. తనది అమెరికా వేళల ఉద్యోగం. సాయంత్రం ఆరున్నరకి క్యాబ్ వస్తుంది, మళ్ళీ దింపేసరికి తెల్లారుజాము నాలుగు దాటుతుంది. నేను ఎనిమిదిన్నరకి బయల్దేరతాను, అప్పటికి తను నిద్రలో ఉంటుంది. నేను తిరిగొచ్చేసరికి ఫ్రిజ్‌లో డబ్బా, దాని మీద పసుపురంగు చీటీ. అంతే సంసారం.

ఆమె రేయి డ్యూటి యతనికి పగటిది
తాళమొకటె యెఱుగు దంపతులను
కూర డబ్బ మీద కుశలమ్ము రాసిన
పత్ని చెంతనున్న బ్రహ్మచారి

చెరువుగట్టు (ఉదయం 8.10)

“తాళమొకటె యెఱుగు దంపతులను”! తమ్మీ, ఈ ఒక్క పాదానికి నీకు దావత్ ఇవ్వాలి. ఇద్దరినీ చూసేది ఆ తాళమొక్కటే. ఇంకా ఏం రాసినా దీని తర్వాతే.

పెసరట్టు మాస్టారు (ఉదయం 8.32)

రెండో పాదం బాగుంది, ఒప్పుకుంటాను. మూడో పాదంలో “డబ్బ” ఏమిటి నాయనా? మనం వాడేది డబ్బా. దీర్ఘం తీసేస్తే మూత తీసేసినట్టే. కూర చల్లారిపోతుంది.

రాగిసంగటి (ఉదయం 8.41)

మాస్టారికి టిఫిన్ కంటే ముందు తప్పు దొరకాల. మా కడప పక్క “డబ్బ” అనే అంటాం సామీ. గణం కోసం కుదించింది కాదది, మా ఇండ్లలో ఉన్న మాట.

పెసరట్టు మాస్టారు (ఉదయం 9.05)

మీ ఇండ్లలో చాలా మాటలుంటాయి లెండి. ఇదిగో నా పూరణ. కాపురాల గోల లేకుండా, పురాణం నుంచి:

సూర్యపుత్రి చేయి సుముఖుడై గైకొని
వ్యాకరణము నేర్చె వానరుండు
జ్యేష్ఠ శుద్ధ దశమి చేతురు పెండిలి
పత్ని చెంతనున్న బ్రహ్మచారి

నవవ్యాకరణాలు పూర్తిగా చదవాలంటే గృహస్థు కావాలన్నది నియమం. అందుకని గురువైన సూర్యుడే తన కూతురు సువర్చలనిచ్చి చేశాడు. అయినా హనుమ బ్రహ్మచర్యం చెడలేదు. పరాశర సంహితలో ఉంది. ఇంతకంటే నేరుగా ఈ సమస్యకు సరిపోయేవాడు ముల్లోకాల్లో లేడు.

అధ్యక్షపీఠం (ఉదయం 9.20)

నేను ఎదురుచూసిన పూరణ! మా ఊరి గుడిలో ఏటా ఆ కల్యాణం చేస్తారు. పానకం నేనే పంచుతాను.

రాగిసంగటి (ఉదయం 9.24)

పానకం తరవాత తాగుదాం. “చేతురు పెండిలి” అన్నారు. ఎవరికి? బ్రహ్మచారికి. మరి ఆ “కి” ఏదీ? సమస్య ప్రథమలో ఉంది, మీ మూడో పాదం షష్ఠిని అడుగుతోంది. హనుమంతుడు సంజీవిని తెచ్చినాడుగానీ మీకో విభక్తి తెచ్చివ్వలేకపోయినాడు.

ఊరికే అనడం లేదు. నిరుడు సంక్రాంతికి “చీమ కాటు తినెను సింహరాజు” ఇచ్చినప్పుడు, నా పూరణలో ఒక్క “ను” పోయిందని మాస్టారు మూడు రోజులు నన్ను నిద్రపోనీలేదు. సింహాన్ని కుట్టిన చీమ మర్చిపోయింటుంది, నేను మర్చిపోలేదు.

పెసరట్టు మాస్టారు (ఉదయం 9.50)

మూడో పాదం దగ్గర వాక్యం ఆగింది. నాలుగోది మొదటి రెండు పాదాల వానరుడికి విశేషణం. అన్వయం తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. ఇక ఆ సింహం పూరణలో పోయింది “ను” ఒక్కటే కాదు, సింహం కూడా పోయింది. ద్వితీయ లేక ఎవరు ఎవర్ని కుట్టారో తెలియక నేనే రెండుసార్లు తిరగేసి చదువుకున్నాను.

ఎర్రబస్సు (ఉదయం 11.15)

మళ్ళీ చీమ బయటికొచ్చింది. నేను దారి మళ్ళిస్తా. నాకు బదిలీ అయి విశాఖ వచ్చాను, రెండు నెలలు. మా తోటి ఉద్యోగి ఒకడు పెళ్ళైన పదో రోజున భార్యతో అరకు వెళ్దామనుకున్నాడు. ఇద్దరికి టికెట్ తీస్తుంటే వాళ్ళమ్మ వింది. చివరికి పద్నాలుగు మంది బయల్దేరారు. కిటికీ పక్కన పెళ్ళికూతురు, ఇటు చివర వీడు. మధ్యలో వాడికి పిల్లనిచ్చిన అత్తగారు, ఒళ్ళో పులిహోర గిన్నె, కాళ్ళ దగ్గర జాడీ. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు “హో” అని అరుస్తున్నారట. చీకట్లో వీడు చెయ్యి చాపితే పులిహోర తగిలిందట.

అరకు రైలు దారి నంధకారగుహలు
ఏబదెనిమిదైన నేమి ఫలము
అత్త నడుమ నుండె నావకాయలతోడ
పత్ని చెంతనున్న బ్రహ్మచారి

చెరువుగట్టు (ఉదయం 11.22)

ఆఫీసులో నవ్వు ఆపుకోలేక బయటికొచ్చిన. “ఏబదెనిమిదైన నేమి ఫలము”! ఏబై ఎనిమిది అవకాశాలు, ఒక్కటీ దక్కలే.

గోరింటాకు (ఉదయం 11.40)

అంతా బాగుంది కానీ ఆవకాయలు ఏమిటండీ, ఆవకాయ కదా? ఆవిడ ఎన్ని జాడీలు తెచ్చింది?

ఎర్రబస్సు (ఉదయం 11.48)

అమ్మా, నిజంగా తెచ్చింది ఒక్క జాడీయే. “ఆవకాయతోడ” అంటే గణం పడలేదు. అందుకని మాగాయ, బెల్లపావకాయ కూడా రైలెక్కించాను.

పెసరట్టు మాస్టారు (మధ్యాహ్నం 12.10)

గణం కోసం మాగాయ ఎక్కించడం నేను ఉద్యోగంలో ఉండగా పిల్లలు చేసేవారు. అయినా ఈసారి వదిలేస్తున్నాను, ఎందుకంటే నాకు నవ్వొచ్చింది. “గుహలు” మాత్రం ఒప్పుకోను. ఆ దారిలో గుహలంటే బొర్రా గుహలే, వాటికి వేరే స్టేషనుంది. రైలు దూరేవి సొరంగాలు.

రాగిసంగటి (మధ్యాహ్నం 12.14)

నవ్వొస్తే తప్పు ఒప్పయిపోతుందని చెప్పినందుకు సంతోషం. నేనూ నవ్వించే రాస్తా ఇకమీదట.

గోరింటాకు (మధ్యాహ్నం 2.30)

నేను ఇక్కడ ఇదే మొదటిసారి రాయడం. మాకూ పెళ్ళై ఎక్కువ రోజులు కాలేదు. అన్నవరంలో వ్రతం చేసుకుని కొండ దిగేసరికి ఇద్దరి సెలవులూ అయిపోయాయి. పాలు పొంగించిన రోజున పొయ్యి పక్కింటి వాళ్ళది, గిన్నె అత్తయ్యది. తప్పులుంటే దిద్దండి.

అన్నవరము వెళ్ళ నంతలో సెలవయ్యె
గృహప్రవేశమైన కిచెను లేదు
ఫోనులోన టిఫిను బుక్కుచేసెడి వాడు
పత్ని చెంతనున్న బ్రహ్మచారి

కొబ్బరాకు (మధ్యాహ్నం 2.41)

మూడో పాదం మా ఇంటి పక్క పాదం. సొంత ఇల్లు, సొంత ఇల్లాలు, అయినా ఇడ్లీ మాత్రం బయటివాళ్ళు తెచ్చేదే. భలే పట్టారండీ.

పెసరట్టు మాస్టారు (మధ్యాహ్నం 3.05)

అమ్మాయ్, భావం బంగారం. రెండో పాదం గడపలోనే తట్టుకున్నావు. “గృహప్రవేశ” సిద్ధసమాసం, అంటే రెండు సంస్కృత మాటలు అతుక్కున్నది. “ప్ర” ముందున్న “హ” గురువైపోతుంది. నువ్వు దాన్ని లఘువుగా లెక్కపెట్టావు.

గోరింటాకు (మధ్యాహ్నం 3.12)

అయ్యో! మరి సమస్యలో “నున్న బ్రహ్మచారి”లో “బ్ర” ముందు “న్న” గురువు కాలేదేం మాస్టారూ?

పెసరట్టు మాస్టారు (మధ్యాహ్నం 3.20)

శభాష్. ఇలా అడిగేవాళ్ళు నాకిష్టం. “ఉన్న” తెలుగు మాట, “బ్రహ్మచారి” దానికి వేరే మాట. రెండూ సమాసంగా అతుక్కోలేదు. అందుకని ఊనిక పడదు. “గృహప్రవేశం” ఒకే ముద్ద. పెళ్ళైన వాళ్ళలాగన్నమాట, ఒకరి బరువు ఇంకొకరి మీద పడుతుంది.

ఇలా మార్చి చూడు: *కొత్త యిల్లు చేర కుక్కరేది*

గోరింటాకు (మధ్యాహ్నం 3.34)

చాలా బాగుంది మాస్టారూ, ధన్యవాదాలు. మా ఆయనకి చదివి వినిపించాను. “కుక్క రేది” అంటే ఏ జాతి కుక్క అన్నాడు. పెళ్ళికి మాకు మూడు గోడగడియారాలు, ఆరు డిన్నర్ సెట్లు వచ్చాయి. ఒక్క కుక్కర్ రాలేదు.

రాగిసంగటి (సాయంత్రం 5.15)

ఇప్పుడు నా వంతు. ఆషాఢంలో మా అన్నకు అత్తగారి గడప తొక్కే వీల్లేదు గదా. వదినను ప్రొద్దుటూరు నుంచి నంద్యాలలో పుట్టింటికి దింపి రమ్మని నన్ను పంపించినారు. దారి పొడుగునా ఆమె ఫోన్‌లో మా అన్నతో మాట్లాడతానే ఉంది. మైదుకూరు దాటినాక సిగ్నల్ పోయింది. ఫోన్ నా చేతికిచ్చి “నువ్వు పట్టుకో, నీకేమైనా తగుల్తుందేమో” అంది.

పెండ్లి మొన్న కాగ విచ్చేసె నాషాఢ
మాసమనుచు వదిన మరలవలసె
బస్సులోన నేను భద్రంగ మాయన్న
పత్ని చెంతనున్న బ్రహ్మచారి

అధ్యక్షపీఠం (సాయంత్రం 5.31)

ఆహా! “మాయన్న” అని ఆపి, “పత్ని”కి దూకాడు. అందరూ బ్రహ్మచారినే మొగుణ్ణి చేస్తుంటే ఇతను మరిదిని చేశాడు. విరుపు అంటే ఇదీ.

పెసరట్టు మాస్టారు (సాయంత్రం 5.50)

విరుపు సరే, విరిగింది సమాసం. “అన్న” అచ్చతెలుగు, “పత్ని” సంస్కృతం. “అన్నపత్ని” అని అతికిస్తే ఎలా? “అగ్రజపత్ని” అనాలి.

రాగిసంగటి (సాయంత్రం 5.58)

అతికించింది ఎవరు సామీ? “మా అన్న పత్ని”, మా అన్న యొక్క పత్ని. షష్ఠి అట్లనే ఉంటుంది. “మా అన్న పుస్తకం” అంటే కూడా దుష్టసమాసమేనా? మా వదినను “అగ్రజపత్నీ” అని పిలిస్తే బస్సులోనే దిగిపోతుంది.

చెరువుగట్టు (సాయంత్రం 6.20)

నాకు రాగిసంగటన్న వాదనే సరిగ్గ అనిపిస్తుంది. మా దిక్కు ఆషాఢమంటే బోనాలు. పెళ్ళైన బిడ్డ తల్లిగారింటికి వస్తది, బోనమెత్తుతది, అల్లుడు మాత్రం బిర్యానీ వాసన వీధి చివర నుంచే పీల్చి పోతడు. ఆషాఢంలో కడుపు పడితే ఎండాకాలంలో కాన్పు, అందుకే పెద్దలు ఈ అడ్డం పెట్టిన్రని మా అమ్మమ్మ చెప్పేది. దుక్కులు, నాట్లప్పుడు కొత్త అల్లుడు అత్తగారింట్ల మర్యాదలు చేయించుకుంట కూసుంటే పొలమెవరు చూడాలె అని మా తాత అనేటోడు.

నాది కాపురం కాదు, కాఫీ:

ఎపుడు కాఫి రుచియొ యెవడు చల్లగ త్రాగు
క్రమముగాను చెప్పు కవివరుండ
ఒకటి కొకటి తోడ నొనగూర్చి యిదె విను
పత్ని చెంతనున్న, బ్రహ్మచారి

ఎర్రబస్సు (సాయంత్రం 6.33)

పత్ని చెంతనున్నప్పుడు రుచి, చల్లగా తాగేవాడు బ్రహ్మచారి. క్రమాలంకారం పండింది. మూడో పాదం మాత్రం ఖాళీ డబ్బా. ఒక్క కొత్త మాట లేదు, ప్రయాణం సాగడానికి సీటు నింపారు.

చెరువుగట్టు (సాయంత్రం 6.37)

నిజమే అన్నా. రెండు ప్రశ్నలడిగినంక చేతుల సరుకు అయిపోయింది.

పెసరట్టు మాస్టారు (రాత్రి 9.15)

భోజనం చేస్తూ ఆలోచించాను. “మా అన్న పత్ని” విషయంలో సందేహం నాది అలాగే ఉంది. పూరణ మాత్రం ఇవాళ్టి వాటిలో అందరికంటే దూరం దూకింది. చీమ విషయం వేరు. చీమ విషయంలో నేను చెప్పిందే సరి.

రాగిసంగటి (రాత్రి 9.22)

అర మార్కు ఇచ్చినా మాస్టారి చేత ఇప్పించుకోవాల. మా వదినకు చూపిస్తా. చీమ నాదే, మీకియ్యను.

కొబ్బరాకు (శనివారం, తెల్లవారుజాము 4.50)

నమస్కారమండీ. ఇది ఆయన కాదు. ఆయన నిద్రపోతున్నారు. ఇప్పుడే క్యాబ్ దిగి వచ్చాను. వంటింటి గట్టు మీద ఫోన్ వెలుగుతూ ఉంటే అలారం ఆపుదామని తీశాను, అందరూ మా తాళం గురించి మాట్లాడుకుంటున్నారు. పెళ్ళికి ముందు అవధానాలకు నాన్నతో వెళ్ళేదాన్ని, మా ఆయనకు ఆ సంగతి తెలీదు.

కూర డబ్బ మీద కుశలమ్ము కాదది
కడిగిపెట్టుమన్న కాగితమ్ము
చదువకుండ నేడు సభకెక్కినాడయ్య
పత్ని చెంతనున్న బ్రహ్మచారి

పెసరట్టు మాస్టారు (ఉదయం 5.30)

అమ్మా! గణాలు సరి, యతులు సరి, అన్వయం సరి. “డబ్బ” కూడా సరే. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.

రాగిసంగటి (ఉదయం 6.02)

మాస్టారు అభ్యంతరం వెనక్కి తీసుకోవడం నేను చూడ్డం ఇదే మొదలు. పీఠం గారూ, తేదీ రాసిపెట్టుకోండి.

అధ్యక్షపీఠం (ఉదయం 6.45)

రాసుకున్నాను. తమ్ముడూ కొబ్బరాకూ, లేచావా? డబ్బా సంగతేమిటి?

కొబ్బరాకు (ఉదయం 8.05)

నానబెట్టాను.