ఊళ్ళో జనం పెరుగుతున్నారు, ఇల్లు ఇప్పుడే కొనేయాలా?

అన్నలకీ అక్కలకీ నమస్కారం. ఈ దేశానికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఆఫీసులో ఎవరిని కదిపినా ఒకటే మాట, వలస వచ్చేవాళ్ళు ఆగరు కాబట్టి ధరలూ ఆగవట, అద్దె కట్టడమంటే డబ్బు నీళ్ళలో పోసినట్టేనట. ఉన్నదంతా ఊడ్చిపెడితే డౌన్ పేమెంట్‌కి సరిపోతుంది. కొనేయమంటారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రీ:
తమ్ముడూ, ముందు ఆ నిద్ర సంగతి చూసుకో. వీసా ఎటు తిరుగుతుందో, ఉద్యోగం ఏ ఊరికి మారుతుందో తెలియకుండా ఉన్నదంతా గోడల్లో పెట్టకు. అద్దె నీళ్ళపాలు అంటున్నవాళ్ళకి చెప్పు, జర్మనీలో సగం మందికి పైగా అద్దె ఇళ్ళలోనే ఉంటారు, వాళ్ళేమీ మునిగిపోలేదు.

జనం పెరిగితే ధర పెరుగుతుందన్నది సగం నిజం. ఊళ్ళో ఎన్ని తలలున్నాయని కాదు, ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో చూడాలి. అమెరికాలో 1960లో ఇంటికి సగటున 3.3 మంది ఉండేవాళ్ళు, ఇప్పుడు రెండున్నర మంది, అంటే జనం ఒక్కరు పెరగకపోయినా ఇళ్ళు మూడో వంతు ఎక్కువ కావాలి. పెళ్ళిళ్ళు ఆలస్యమవుతున్నాయి, విడాకులున్నాయి, పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటున్నారు. జపాన్ చూడు, 2008 తర్వాత జనాభా తగ్గుతూ వస్తున్నా 2020 జనగణనలో కుటుంబాల సంఖ్య పెరిగింది! అయినా 2023 సర్వేలో 90 లక్షల ఇళ్ళు ఖాళీగా తేలాయి. కుర్రాళ్ళు టోక్యో లాంటి నగరాలకి పోతే పల్లెల్లో ఇళ్ళు మిగిలిపోయాయి, ఇంకోపక్క కొత్తవి కడుతూనే ఉన్నారు. దేశం లెక్క చూసి పేటలో ఇల్లు కొనకూడదు అనేది అందుకే.

పెద్ద తలకాయలే బోల్తాపడ్డాయిలే. 1989లో మాన్‌క్యూ, వైల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు, బేబీ బూమ్‌లో (రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పిల్లలు ఎక్కువగా పుట్టిన కాలంలో) పుట్టినవాళ్ళ కొనుగోళ్ళు అయిపోతాయి, వెనక వచ్చేవాళ్ళు తక్కువ, కాబట్టి 2007కల్లా అమెరికాలో ఇళ్ళ ధరలు ద్రవ్యోల్బణం తీసేస్తే దాదాపు సగానికి పడతాయని లెక్కగట్టారు. జరిగింది తలకిందులు, 2006 దాకా ఎగబాకాయి. ఆ తర్వాత కూలింది విచ్చలవిడి అప్పుల వల్ల, జనం వయసుల వల్ల కాదు.

రీ: రీ:
అన్నయ్యగారూ, అప్పుల సంగతి ఒప్పుకుంటా గానీ వయసుని అంత తేలిగ్గా తీసేయకండి. పెద్దవాళ్ళు ఉన్న ఇల్లు వదలరు, పెద్ద ఇళ్ళు అమ్మకానికి రావు, కుర్రాళ్ళకి దొరకవు. అమెరికాలో మొదటి ఇల్లు కొనేవాళ్ళ మధ్యస్థ వయసు (సగం మంది అంతకంటే చిన్నవాళ్ళు, సగం మంది పెద్దవాళ్ళు) 1981లో 29, 2024లో 38.

తమ్ముడూ, వలస ఆగదని నీకు చెప్పినవాళ్ళు కెనడా వైపు చూశారా? 2023లో అక్కడ జనాభా ఒక్క ఏడాదిలో 3.2 శాతం పెరిగింది, 1957 తర్వాత అంత ఎక్కువ అదే. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం 2025కి పర్మనెంట్ రెసిడెన్సీ లక్ష్యాన్ని 5 లక్షల నుంచి 3,95,000కి కోసేసింది, చదువుకోడానికొచ్చే పిల్లల వీసాలకీ కోత పెట్టింది, అద్దెలు మెత్తబడ్డాయి. పుట్టుకలు, చావులు నెమ్మదిగా మారతాయి. వలస ఒక్క ప్రకటనతో మారిపోతుంది, మనం వచ్చింది ఆ తలుపులోంచే కదా.

నా తప్పు కూడా చెప్తా. నాలుగు బెడ్‌రూముల ఇల్లు కొన్నాను. ఆ పేటలో పిల్లలు తగ్గిపోయి స్కూల్లో సెక్షన్లు ఎత్తేస్తున్నారని పట్టించుకోలేదు. అమ్మబోతే ఆరు నెలలు అడిగిన నాథుడు లేడు. పక్క వీధిలో రెండు బెడ్‌రూములవి వారంలో పోయాయి, కొన్నవాళ్ళంతా ఒంటరివాళ్ళో, పిల్లలు ఎగిరిపోయిన జంటలో. నువ్వు కొనేటప్పుడు స్కూల్లో పిల్లలు పెరుగుతున్నారా తగ్గుతున్నారా, కొత్తగా ఎన్ని ఇళ్ళకి అనుమతులిచ్చారు, ఆ ఊరు ఒక్క కంపెనీ మీదే బతుకుతోందా, ఇవి అడుగు. ఏజెంట్ తనంతట తాను చెప్పడు.

రీ: రీ: రీ:
థాంక్స్ అన్నా, అక్కా. నేను చూసింది కూడా నాలుగు బెడ్‌రూములదే, ఉండేది నేనొక్కడినే 😅 ఇంటి ఓనరు లీజు ఇంకో ఏడాది పొడిగిస్తావా అని అడిగాడు, రేపు సంతకం పెట్టేస్తా.