గాలం రాడ్డు విరిగింది, రీలు పట్టేసింది, చేతిలో 7 వేలు. డబ్బు దేని మీద పెట్టాలి?

గౌతమి గట్టు:
నమస్తే అండి అందరికీ. మాది యానాం పక్కన. ఎదుర్లంక వంతెన దగ్గర గోదారి గట్టున ప్రతి ఆదివారం గాలం వేస్తుంటాను, పండుగప్ప కోసమే వెళ్తాను, పడకపోతే జెల్లలతో సరిపెట్టుకుంటాను. నాలుగేళ్ళ కిందట ఆన్‌లైన్లో సెట్టు కొన్నా, 8 అడుగుల టెలిస్కోపిక్ (ఒక ముక్కలోకి ఇంకోటి దూరే) రాడ్డు, దాంతోపాటే వచ్చిన 4000 సైజు రీలు. మొన్న పోటు మళ్ళే టైముకి బతికున్న రొయ్య గుచ్చి వదిలితే ఒకటి గట్టిగా అందుకుంది. అది లాగగానే డ్రాగ్ (చేప లాగితే దారాన్ని కొద్దికొద్దిగా వదిలే రీలు బిగింపు) తిరగాలి కదా, తిరగలా. కాసేపు బిగుసుకుపోయి ఉండి కీచుమని ఒక్కసారి జారింది, నేను కంగారులో రాడ్డు నెత్తి మీదకి ఎత్తేశాను, పైనుంచి రెండో ముక్క చెరుకుగడ విరిచినట్టు ఫట్‌మంది, దారం కూడా తెగింది. చేప నీళ్ళ మీదకి ఒకసారి ఎగిరి తల విదిలించుకుని పోయింది, 4 కిలోలకి తక్కువుండదండి.

ఇప్పుడు రెండూ కొనాలి. ఇంట్లో ఒప్పుకున్నది 7 వేలు, దారంతో కలిపి. షాపాయనేమో రీలు మీద 5 పెట్టు రాడ్డు ఏదైనా ఒకటే అంటాడు, మా ఫ్రెండేమో రీలంటే దారం చుట్టుకునే డబ్బానే కదా రాడ్డు మంచిది తీసుకో అంటాడు. మా నాన్నగారైతే వెదురుగడ చాలంటారు, ఆయన సంగతి వదిలేయండి. మీరేవంటారు?

సాగర్ శీను:
నీ దోస్తు చెప్పిందే కరెక్టు అన్నా, రాడ్డు మీదనే పెట్టు. నేను సాగర్ బ్యాక్‌వాటర్ల, మా ఊరి చెరువులల్ల కొర్రమీనుకు కొడ్త. పొద్దుగాల 6 నుంచి 10 దాక రబ్బరు కప్పను తామరాకుల మీదికి ఇసురుడే పని, తక్కువల తక్కువ 300 సార్లు ఇసురుత. రాడ్డు బరువుంటే రెండు గంటలకే చెయ్యి గుంజుతది. ఇంకోటి, కొర్రమీను నోరు మస్తు గట్టిగుంటది, అది కప్పను మింగినంక ఒక్క దెబ్బ గుంజితే గాలం దిగాలె, మెత్తటి రాడ్డైతే వంగుడే తప్ప గాలం దిగదు. రీలు పనేమున్నది చెప్పు? డ్రాగ్ పూర్తిగ బిగించి పెడ్త, ఎందుకంటే అది నాచులకు దూరితే ఇగ రాదు, ఊపిరి తీస్కునే టైమియ్యకుండ లాగుడే. 1800 రూపాయల రీలు మూడేండ్ల నుంచి నడుస్తుంది, ఏం ఫికర్ లేదు.

భీమిలి రాళ్ళు:
శీను బ్రో, నువ్వు చెప్పింది చెరువు సంగతి. ఆయన ఉన్నది ఉప్పునీళ్ళలో! పోటు వచ్చినప్పుడల్లా అక్కడ నీళ్ళు ఉప్పే కదా. నేను భీమిలి, యారాడ రాళ్ళ మీద పదకొండేళ్ళ నుంచి వేస్తున్నాను, ఈ పదకొండేళ్ళలో ఆరు రీళ్ళు మార్చాను, రాడ్లు రెండే. ఉప్పు రాడ్డుని ఏం చెయ్యలేదు గురూ, మహా అయితే దారం పోయే రింగులకి తుప్పు. రీలుని మాత్రం లోపల్నుంచి తినేస్తాది. ముందు లైన్ రోలర్ (దారం రీలులోకి మలుపు తిరిగే చోట ఉండే చిన్న చక్రం) బేరింగ్ పోద్ది, తర్వాత హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే బేరింగ్ జారుద్ది, ఆ తర్వాత డ్రాగ్.

ఇంకోటి, నీ రాడ్డు విరగడానికి అసలు కారణం కూడా రీలే. డ్రాగ్ పట్టేసింది, పట్టేసి వదిలింది, ఆ కుదుపుకి విరిగింది. డ్రాగ్ నున్నగా తిరిగుంటే ఆ సస్తా రాడ్డుతో కూడా చేప వచ్చేది. డబ్బా మీద "8 కిలోల డ్రాగ్" అని రాస్తారు చూడు, దాన్ని పట్టించుకోకు. 20 పౌన్ల దారం (అంటే 9 కిలోల దాకా ఆగేది) వేస్తే దాని బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా డ్రాగ్ పెట్టాలి, అంటే రెండుంపావు నుంచి 3 కిలోలు. ఆ 3 కిలోల దగ్గర నున్నగా మొదలవుద్దా లేదా అన్నదే లెక్క, 8 ఎవడిక్కావాలి. 5 వేలు రీలు మీదే పెట్టు.

సాగర్ శీను:
రాడ్డును నెత్తి మీదికి ఎత్తితే ఎంత రీలున్నా విరుగుతది అన్నా. రాడ్డుకూ దారానికీ మధ్య 90 డిగ్రీలు దాటితే బరువంతా కొసకే పడ్తది, కింద లావుగున్న కాడకు పనే ఉండదు. గది రీలు తప్పా?

భీమిలి రాళ్ళు:
అది చెయ్యి తప్పు. చేతికి వారంటీ లేదు 😀

కోనసీమ కుర్రోడు:
నేను కూడా ఆ వంతెన దగ్గరే వేస్తానండి, ఒక విషయం ఇద్దరూ వదిలేశారు. అక్కడ పిల్లర్ల నిండా ఆల్చిప్పలు పట్టి ఉంటాయి, కత్తిలా ఉంటాయి. పండుగప్ప గాలం పడగానే చేసే మొదటి పని పిల్లర్ వైపు పరిగెత్తడమే. డ్రాగ్ ఎంత నున్నగా తిరిగితే అంత నున్నగా వెళ్ళి పిల్లర్ చుట్టూ తిరిగేస్తది ఆయ్. అక్కడ ఆపడానికి కింద సగం గట్టిగా ఉన్న రాడ్డు కావాలి, బిగించినా కుదుపు లేకుండా వదిలే డ్రాగ్ కూడా కావాలి. నేను అక్కడ పోగొట్టుకున్న చేపల్లో సగం ఆల్చిప్పలకే పోయినయ్యి. మిగతా సగం లీడర్ (గాలానికి ముందు కట్టే మందపాటి దారం ముక్క) లేక పోయినయ్యి, పండుగప్ప దవడ పక్క రేకు బ్లేడులా ఉంటది కదా, దారం దానికి తగిలి తెగిపోద్ది. అన్నగారూ మీరు లీడర్ కట్టారా?

గౌతమి గట్టు:
కట్టలేదండి. 😐 బ్రెయిడ్‌కే (అల్లిన సన్న దారానికే) గాలం కట్టేశాను.

కోనసీమ కుర్రోడు:
అయితే రాడ్డు విరక్కపోయినా ఆ చేప మీది కాదండి. 40 పౌన్ల లీడర్ రెండడుగులు కట్టండి ముందు, దానికి 7 వేలు అక్కర్లేదు.

హ్యూస్టన్ మామయ్య:
ఇక్కడ గాల్వెస్టన్ పియర్ మీద వీకెండ్స్‌లో వేస్తుంటాను, లైసెన్సు తీసుకుని, సముద్రపు నీటికి దాని మీద ఇంకో ముద్ర కూడా తీసుకుని మరీ. ఎవరైనా చుట్టాలు అమెరికా నుంచి వస్తుంటే రీలు తెప్పించుకోండి, రాడ్డు మాత్రం వద్దు. రెండు ముక్కల 7 అడుగుల రాడ్డంటే ఒక్కో ముక్క 42 అంగుళాలు, ఏ సూట్‌కేసులోనూ పట్టదు. పోయినసారి మా బావమరిది కోసం పీవీసీ పైపులో పెట్టి తీసుకొచ్చాను, ఎయిర్‌పోర్టులో ఆ పైపులో ఏముందో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఇక్కడ కొన్నదానికి అక్కడ వారంటీ ఇస్తారో లేదో అది కూడా ముందే కనుక్కోండి. నా ఓటు రీలుకే, కానీ 5 వేలు అక్కర్లేదు అనుకుంటా, షిమానో, డైవా, పెన్ కంపెనీల్లో ఎవరిదైనా కింది వరసలో ఉన్నవి కూడా కడిగి పెట్టుకుంటే చాలాకాలం వస్తాయి.

బెండు బాబాయ్:
అంతా కొనడం గురించే మాట్లాడుతున్నారు. బాబూ గట్టూ, ఆ పాత రీలు పారేశావా ఉందా? డ్రాగ్ పట్టేసిందంటే రీలు చచ్చిపోయినట్టు కాదు. నేను కృష్ణలో బెండు కట్టి బొచ్చెలకి వేసే రోజుల నుంచి రీళ్ళు విప్పుతున్నా. చవక రీళ్ళల్లో డ్రాగ్‌కి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని లాంటి గుడ్డ) వాషర్లు వేస్తారు, అవి ఉప్పునీళ్ళు పీల్చి ఎండితే అప్పడంలా గట్టిపడి రేకులకి అంటుకుపోతాయి. దానికి తోడు నువ్వు ఇంటికొచ్చాక డ్రాగ్ బిగించే వదిలేసి ఉంటావు, అవునా? వారమంతా నొక్కుకుని ఉంటే ఇంకా అంటుకుంటాయి.

పైన నాబ్ తీసెయ్, స్పూల్ (దారం చుట్టి ఉండే భాగం) చేతికొస్తుంది. స్పూల్ లోపల గుండ్రంగా ఒక తీగ క్లిప్పు ఉంటుంది, అది ఎగిరిపోతుంది జాగ్రత్త, ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి తియ్. తర్వాత వాషర్లు వరసగా వస్తాయి. ఒక రేకుకి అంచున చెవులుంటాయి, ఇంకో రేకుకి మధ్యలో డి ఆకారం చిల్లు ఉంటుంది, మధ్య మధ్యలో ఫెల్టు. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా ఫోటో తీసుకో, వరస మారిస్తే డ్రాగ్ పనిచెయ్యదు. రేకులు మెరిసేదాకా తుడువు. ఫెల్టు మాత్రం కొత్తది వెయ్యాలి, అదే మోడల్ దొరక్కపోతే పల్చటి ఫెల్ట్ షీటు కొని పాతదాన్ని అచ్చుగా పెట్టి కత్తిరించు. నేనదే చేస్తా. రీలులో ఆ తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకు, లోపలి గ్రీజు కూడా కరిగి కారిపోద్ది.

భీమిలి రాళ్ళు:
బాబాయ్ మీ మీద గౌరవం ఉంది కానీ నాలుగేళ్ళు ఉప్పు తిన్న రీలుకి ఫెల్టు మార్చడమంటే... రేపు రోలర్ పట్టేస్తాది, ఎల్లుండి బెయిల్ (దారాన్ని పట్టి చుట్టే తీగ) స్ప్రింగ్. ఎంతకని మార్చుకుంటూ కూర్చుంటాడు.

బెండు బాబాయ్:
రోలర్ పట్టేసిన నాడు చూసుకుంటాడు. ఇవాళ 7 వేలల్లో 5 మిగుల్తాయిగా.

సాగర్ శీను:
బాబాయ్ మాట మంచిగున్నది. గా మిగిలిన పైసలు రాడ్డుకే 😎

గౌతమి గట్టు:
బాబాయ్ గారూ నిన్న రాత్రి విప్పానండి, మా ఆవిడ వంటింట్లోంచి చూసి తల కొట్టుకుంది. మీరు చెప్పినట్టే ఉంది లోపల, మూడు ఫెల్టుల్లో రెండు రేకుకి అతుక్కుని గోటితో గీకితే గానీ రాలేదు, తెల్లగా ఉప్పు పొడి కూడా ఉంది. కాకినాడలో క్రాఫ్ట్ సామాన్ల కొట్లో ఫెల్ట్ షీటు దొరికింది 60 రూపాయలు. విప్పకముందు ఒక పని చేశా, భీమిలి అన్న కిలోల లెక్క చెప్పారు కదా అని కొక్కెం కాటా దారానికి తగిలించి లాగి చూశాను. ముల్లు 4న్నర దాకా వెళ్ళి అప్పుడు జారి ఒకటిన్నరకి పడిపోయింది, అంటే ఆ రోజు చేపకి జరిగింది అదే అన్నమాట. ఫెల్టులు మార్చాక లాగితే రెండుంపావు దగ్గర కదిలి రెండున్నర లోపలే ఆడుతోంది. నాకే నమ్మకం కలగలా, ఐదారుసార్లు లాగాను.

కానీ రోలర్ తిరగట్లేదండి, భీమిలి అన్న చెప్పింది నిజమే. దారం ఒకే చోట రాసుకుని చిన్న గాడి పడింది దానికి.

భీమిలి రాళ్ళు:
చెప్పానా! ఆ గాడి చాలు బ్రెయిడ్ నాశనం అవ్వడానికి. రోలర్ దొరక్కపోతే ఆ రీలు పక్కన పెట్టెయ్. కాటా పెట్టి చూడ్డం మాత్రం బాగుంది, సగం మంది ఎప్పుడూ చూడరు.

బెండు బాబాయ్:
రోలర్ స్క్రూ తీసి చూడు, చాలావాటిల్లో లోపల బేరింగ్ ఉండదు, ప్లాస్టిక్ బుషింగే. వేడినీళ్ళలో నానబెట్టి ఒక చుక్క నూనె వెయ్యి. గాడి లోతుగా ఉంటే మాత్రం భీమిలి అబ్బాయి మాటే రైటు, ఒప్పుకుంటున్నా.

రాడ్డు కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, ఎవరూ చూడరు. ఇయర్‌బడ్ దూది ప్రతి రింగు లోపలా తిప్పండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే రింగు పగిలినట్టు, కొత్త రాడ్డైనా తీసుకోవద్దు. ఇంకో మాట, కార్బన్ రాడ్డులోంచి కరెంటు పారుతుంది. గట్ల మీద పైన తీగలుంటాయి, రాడ్డు నిలబెట్టి నడవకండి, ఉరుములప్పుడు అసలే వద్దు. ఇది జోకు కాదు.

కోనసీమ కుర్రోడు:
టెలిస్కోపిక్ మాత్రం మళ్ళీ తీసుకోకండి అన్నగారూ. ఒక్కో ముక్క చివర ఒక్కో రింగే ఉంటది, బరువు మొత్తం ఆ నాలుగైదు చోట్లే పడుద్ది, ఇసక దూరిందంటే ముడవడం కూడా రాదు. బండి మీద తీసుకెళ్ళాలంటే రెండు ముక్కలది చాలు, స్కూటీకి కట్టుకోవచ్చు. నాది ఫైబరూ కార్బనూ కలిపింది, బరువే గానీ రాయికి తగిలినా చలించదు.

సాగర్ శీను:
బరువు అంటున్నవ్, నా మాటే కరెక్టు అన్నట్టు.

కోనసీమ కుర్రోడు:
మీరు 300 సార్లు విసురుతారండి, మేం రొయ్య వేసి స్టాండుకి ఆనించి టీ తాగుతాం. బరువైతే ఏంటి.

గౌతమి గట్టు:
అప్‌డేట్ అండి. రాడ్డు కొనేశాను, 8 అడుగుల రెండు ముక్కలది, ఫైబరూ కార్బనూ కలిపిందే, 3400. షాపులో ఇయర్‌బడ్ తీసేసరికి షాపాయన నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు, కానీ మొదట ఇచ్చిన రాడ్డులో కింది నుంచి మూడో రింగుకి దూది చిక్కుకుంది! మార్చి ఇచ్చాడు, ఏమీ మాట్లాడలా. 20 పౌన్ల బ్రెయిడ్, 40 పౌన్ల లీడర్ కలిపి 1300. మిగిలింది 2300 జేబులో ఉంది. రోలర్ నానబెడితే తిరుగుతోంది గానీ గాడి ఉంది, దానికి అదే సైజుది పాత రీలు నుంచి తీసి ఇస్తానని కోనసీమ తమ్ముడు అన్నాడు.

భీమిలి రాళ్ళు:
రోలర్ వేసినా ఆ రీలు వానాకాలం దాటదు, రాసిపెట్టుకో. 2300కి ఇంకో రెండు వేలు కలిపి దసరాకి రీలు కొను. ఇంటికెళ్ళాక డ్రాగ్ బిగించి మంచినీళ్ళు సన్నగా పొయ్యి, పైపు పెట్టి జోరుగా కొట్టకు, ఉప్పు లోపలికి తోసినట్టవుద్ది. ఆరాక డ్రాగ్ వదులు చెయ్యి. మర్చిపోకు.

సాగర్ శీను:
ఫస్టు రాడ్డే కొన్నడు. నేను గెల్సిన.

భీమిలి రాళ్ళు:
దసరా దాకా ఆగు బ్రో.

గౌతమి గట్టు:
ఈ ఆదివారం పోటు పొద్దున్న తొమ్మిదిన్నరకి మళ్ళుద్దని రేవులో చెప్పారండి. కోనసీమ తమ్ముడూ, ఏడింటికల్లా రెండో పిల్లర్ దగ్గరుంటాను, రోలరూ స్క్రూడ్రైవరూ మర్చిపోకు, రొయ్యలు నేను తెస్తాను.