అంచు మీద నిష్పత్తి 10 ఇస్తే నోడ్లన్నీ ఒకచోట కుప్పపడుతున్నాయి

మధురవాడ విద్యార్థి: పెద్దలకు నమస్కారం. ఓడల్లో బరువు తగ్గించడానికి రంధ్రం చేసే ఉక్కు పలక మీద నా ప్రాజెక్టు. కంప్యూటర్లో పలకను చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లు), అవి కలిసే బిందువులుగా (నోడ్లు) విభజించి లెక్కకడుతున్నాను. పలకలో పావు భాగమే తీసుకున్నాను. రంధ్రం వ్యాసార్ధం 10 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి పలక చివరి వరకు ఉన్న 90 మిల్లీమీటర్ల అంచును 20 ఎలిమెంట్లుగా విభజిస్తూ, రంధ్రం దగ్గర చిన్నవి, దూరం పోయేకొద్దీ పెద్దవి రావాలని నిష్పత్తి 10 ఇచ్చాను. నోడ్లన్నీ రంధ్రం దగ్గర ఒకే చుక్కలా కుప్పపడి, చివరి ఎలిమెంటు ఒక్కటే 81 మిల్లీమీటర్లు ఆక్రమిస్తోంది. నిన్న సాయంత్రం నుంచి దీనితోనే కూర్చున్నాను. దయచేసి దారి చూపండి.

గాజువాక డిజైనర్: ఏ సాఫ్ట్‌వేరో చెప్పండి.

ఉక్కునగరం విశ్రాంత ఇంజనీరు: బాబూ, ముందు ఎలిమెంటు రకం చూసుకోవాలి. మూడు నోడ్ల త్రిభుజాలు వాడితే ఒక్కో దానిలో ప్రతిబలం (వైశాల్యం మీద పడే అంతర్గత బలం) అంతటా ఒకటే కాబట్టి, చాలా సన్నగా విభజిస్తే తప్ప రంధ్రం దగ్గరి శిఖరం అందదు. అనంతమైన పలకను ఒకే దిశలో లాగితే వృత్తాకార రంధ్రం అంచున గరిష్ఠ ప్రతిబలం దూరంగా ఉన్నదానికి మూడు రెట్లని కిర్ష్ 1898లోనే చూపించాడు. ముందు ఆ మూడుతో సరిచూసుకో.

మధురవాడ విద్యార్థి: జీమెష్ సార్. అబాకస్ అనే మరో సాఫ్ట్‌వేర్ పాఠంలో బయాస్ నిష్పత్తి 10 అని చూసి, ఇక్కడ ప్రోగ్రెషన్ అనే విలువకు అదే ఇచ్చాను. రెండూ ఒకటే కదా?

గాజువాక డిజైనర్: కావు.

ఉక్కునగరం విశ్రాంత ఇంజనీరు: నిష్పత్తి అంటే పెద్దదానికీ చిన్నదానికీ ఉన్నదే. మేము ఎప్పుడూ అలాగే లెక్కకట్టాం.

సీతమ్మధార పరిశోధకురాలు: అబాకస్ విషయంలో మీ మాట నిజమే సార్. జీమెష్ ప్రోగ్రెషన్ మాత్రం గుణశ్రేఢిలోని సామాన్య నిష్పత్తి, అంటే ప్రతి ఎలిమెంటూ ముందుదానికి పది రెట్లు అవుతుంది. తమ్ముడూ, చివరిది మొదటిదానికి పది రెట్లు కావాలంటే, 20 ఎలిమెంట్ల మధ్య పెరుగుదల మెట్లు 19 కనుక, 10కి 19వ మూలం, దాదాపు 1.129 ఇవ్వు. మొదటిది 1.13, చివరిది 11.3 మిల్లీమీటర్లు వస్తాయి. జీమెష్ అడిగేది నోడ్ల సంఖ్య కాబట్టి 20 కాదు, 21 వేయాలి.

మధురవాడ విద్యార్థి: ఈ అంచు సరిగ్గా వచ్చింది మేడం. రెండో అంచున మాత్రం చిన్నవి పలక చివర వస్తున్నాయి.

సీతమ్మధార పరిశోధకురాలు: ఆ గీతను బయటి నుంచి రంధ్రం వైపు గీసి ఉంటావు. గీత సంఖ్య ముందు రుణ గుర్తు పెట్టు.

మధురవాడ విద్యార్థి: కుదిరింది. ధన్యవాదాలు.

ఉక్కునగరం విశ్రాంత ఇంజనీరు: మూడు వచ్చిందా, బాబూ?