విండోస్ 10తోనే ఉండిపోవాలా, 11కి మారాల్సిందేనా? నాన్న కంప్యూటర్ మీద మా ఇంట్లో గొడవ

తెనాలి_సిక్స్త్‌జెన్:

మా నాన్న రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఆయన డెస్క్‌టాప్ 2016లో సికింద్రాబాద్ సీటీసీలో, అదే కంప్యూటర్ షాపుల కాంప్లెక్సులో, నేను దగ్గరుండి అసెంబుల్ చేయించింది. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, మూడేళ్ల కిందట హార్డ్ డిస్క్ తీసేసి ఎస్సెస్డీ వేయించా, అప్పటినుంచి స్విచ్ వేసి కుర్చీ లాక్కుని కూర్చునేలోపు ఆన్ అయిపోతుంది. విండోస్ 10, డబ్బులు పెట్టి కొన్న లైసెన్సే.

2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలుగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది కదా. ఇప్పుడు అప్‌డేట్ పేజీ తెరిస్తే ఈ పీసీ విండోస్ 11కి సరిపోదు అని వస్తోంది. నాన్న అది చదివి ఫోన్ చేసి "ఒరేయ్, మన కంప్యూటర్ పని అయిపోయిందట్రా" అన్నారు, గొంతులో నిజంగా దిగులు. తమ్ముడేమో ఈ గొడవంతా ఎందుకు, కొత్తది కొనేద్దాం అంటున్నాడు. నేను ఒప్పుకోవట్లేదు.

బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవ్వకముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే 11 అడిగే సెక్యూరిటీ భాగం టీపీఎం 2.0 ఉంది, ఇంటెల్ పీటీటీ అనే పేరుతో ఆఫ్‌లో ఉంటే ఆన్ చేశా. 11 అడిగే ఇంకో రక్షణ, సెక్యూర్ బూట్ కూడా ఉంది. అడ్డం పడేది ప్రాసెసర్ ఒక్కటే, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు. అంటే 2017లో వచ్చినదానికి సరే, 2015లో వచ్చినదానికి కుదరదు. రెండేళ్ల తేడాకి బంగారంలా నడిచే మిషన్‌ని తుక్కు కింద వేసేయమంటే నాకు మనసు రావట్లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే వాడితే నిజంగా ఏమవుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

హనుమకొండ_సర్వీస్:

అన్నా, నేను పన్నెండేళ్లుగా కంప్యూటర్లు రిపేర్ చేస్తున్నా. ఊరికే భయపెట్టను, జరిగింది చెప్తా.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఒక లోపాన్ని సరిచేసే ప్యాచ్ ఇచ్చింది. మే 12న ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ మొదలైంది. మధ్యలో ఎనిమిది వారాలకు పైగా టైముంది, ఆ ప్యాచ్ వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. దెబ్బ తగిలినవాళ్లలో మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా ఉన్నాయి, ఆ వారం పేపర్లలో చదివే ఉంటారు. అప్పటికి విండోస్ 7కి ఇంకా సపోర్టు ఉంది, ప్యాచ్ వేసుకోనిదానికే అంత అయింది. ఇప్పుడు నువ్వనేది అసలు ప్యాచే రాని మిషన్ గురించి.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. 10, 11 రెండిటి లోపల చాలా కోడ్ ఒకటే. ప్రతి నెలా రెండో మంగళవారం 11కి ప్యాచ్ వస్తుంది. దొంగలు పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి ఏం మార్చారో చూస్తారు. లోపం ఎక్కడుందో వాళ్లకి అలా తెలిసిపోతుంది. అదే లోపం 10లో కూడా ఉంటే, దాన్ని మూసేవాళ్లు ఉండరు. అంటే 11కి వచ్చే ప్రతి ప్యాచ్ 10 వాడేవాళ్లకి ప్రమాదం పెంచుతుంది. మొదటి నెలలో ఏమీ కాదు, రెండో నెలలో కూడా కాదు, అలా అలవాటైపోతారు. నా దగ్గరికొచ్చే కేసులన్నీ అలా అలవాటైపోయినవాళ్లవే.

ఏలూరు_డీటీపీ:

తమ్ముడూ, నేను నీ వైపే. మారమనేవాళ్లు పని చేసుకునేవాళ్ల గురించి ఆలోచించరు.

మాది పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు చేసే షాపు. పోయిన మాఘమాసంలో, సరిగ్గా లగ్నాలు ఊపందుకున్న వారంలో, మా అబ్బాయి ఉత్సాహపడి షాపు మిషన్‌ని 11కి మార్చాడు. పైకి అంతా బాగానే ఉంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెరుచుకుంది. కానీ తెలుగు లిపి సాఫ్ట్‌వేర్‌కి వెనక యూఎస్‌బీలో పెట్టే హార్డ్‌వేర్ లాక్ ఒకటి ఉంటుంది, దాని లైటు వెలగలేదు. లాక్ లేకపోతే కీబోర్డు తెలుగు కొట్టదు. తీసి పెట్టాం, ఇంకో పోర్టులో పెట్టాం, చీరకొంగుతో తుడిచి పెట్టాం. ఏమీ లేదు. స్క్రీన్ మీద పెళ్లికొడుకు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు. ఎదురుగా పార్టీవాళ్లు బల్ల మీద కూర్చుని ఉన్నారు, మధ్యాహ్నానికి ప్రూఫ్ ఇస్తానని మాటిచ్చా. ఆ రోజు నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు.

తర్వాత తెలిసిందేమిటంటే 11లో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ అని ఒకటి ఆన్ అయింది, అది ఆ లాక్ పాత డ్రైవర్‌ని లోపలికి రానివ్వడం లేదు. ఆఫ్ చేయొచ్చు, కానీ సెక్యూరిటీ కోసం మారి, ఆ సెక్యూరిటీనే తీసేసి వాడుకోమంటే ఇంక మారడం దేనికి? మారిన పది రోజుల్లోపు అయితే సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి పాతదానికి తిరిగి వెళ్లొచ్చు. నేను తొమ్మిదో రోజున వెళ్లా. పదకొండో రోజైతే మొత్తం ఫార్మాట్ కొట్టుకోవాల్సి వచ్చేది.

మీ నాన్నగారు ఏ ఫాంటులో రాస్తారో ముందు అడుగు. దాన్నిబట్టే మిగతాదంతా.

తెనాలి_సిక్స్త్‌జెన్:

అక్కా, మీరు చెప్పింది చదివాక నాకు ఇంకా గట్టిగా అనిపిస్తోంది. హనుమకొండ అన్న చెప్పింది కొట్టిపారేయను, కానీ మన ఇళ్లలో డబ్బు పోయేది ఎలా? ఎవడో ఫోన్ చేసి బ్యాంకు నుంచి అంటే ఓటీపీ చెప్పేయడం వల్ల, వాట్సాప్‌లో పెళ్లిపత్రిక పేరుతో వచ్చిన ఏపీకే, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, నొక్కడం వల్ల, స్క్రీన్ షేర్ చేసే యాప్ వేయించుకోవడం వల్ల. విండోస్ 11 ఉన్నా అవన్నీ జరుగుతాయి. నాన్న కంప్యూటర్ రౌటర్ వెనకాల ఉంది, ఆయన చూసేది నాలుగు సైట్లు, రాసేది వర్డ్‌లో.

ఆడిట్_బాబాయ్:

అబ్బాయ్, నువ్వన్నది నిజమే. నేను ఇరవై ఏళ్లుగా ఐటీ రిటర్నులు, జీఎస్టీ చూస్తున్నా, మోసపోయి వచ్చినవాళ్లలో ఎక్కువమంది నోటితో చెప్పి పోగొట్టుకున్నవాళ్లే. అలాగని రెండో తలుపు తీసిపెట్టుకోమని కాదు కదా. మీ నాన్నగారు ఆ నాలుగు సైట్లలో పెన్షన్ పడే బ్యాంకు ఒకటి చూస్తారా? పాస్‌వర్డు బ్రౌజర్‌లో సేవ్ చేసి పెట్టుకున్నారా? అవునంటే ఆ ఒక్క పని ఇక ఆ కంప్యూటర్ మీద చేయనివ్వకు.

బ్రౌజర్ సంగతి కూడా చూడండి. విండోస్ 7కి సపోర్టు 2020 జనవరిలో అయిపోయింది, క్రోమ్ మాత్రం ఇంకో మూడేళ్లు అప్‌డేట్లు ఇచ్చి 109వ వెర్షన్ దగ్గర ఆపేసింది. 10కీ ఎప్పుడో ఒకరోజు అలాగే జరుగుతుంది. ఆ రోజు నుంచి మాత్రం ఇంటర్నెట్ పెట్టకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. అన్నట్టు ఆఫీస్ 2016, 2019లకి కూడా సపోర్టు అదే అక్టోబరు 14న అయిపోయింది, ఎవరో పంపిన వర్డ్ ఫైలు తెరిచేటప్పుడు అది గుర్తుంచుకోండి.

హనుమకొండ_సర్వీస్:

బాబాయ్ గారు చెప్పింది బాగుంది. అన్నా, నీకు తెలుసో లేదో, ఇంకో ఏడాది దారి ఉంది. ఈఎస్‌యూ అంటారు, ఇళ్లలో వాడేవాళ్లకి 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తారు. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా వెయ్యి మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వాడొచ్చు, లేదా విండోస్ బ్యాకప్ ఆన్ చేసి సెట్టింగ్స్ సింక్ చేస్తే డబ్బులే అక్కర్లేదు. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. ముందు అది చెయ్, తర్వాత వాదించుకుందాం.

విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీ మార్చో, రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసో ఆరో తరం మీద కూడా 11 ఎక్కించొచ్చు, నేను కస్టమర్లకి చేసిచ్చా, నడుస్తున్నాయి. కానీ పెద్ద వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ చేత్తో ఎక్కించాలి, అలాంటి మిషన్లకి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. పాత కోర్ 2 డ్యూయో మిషన్ల మీద అలా ఎక్కించినవాళ్లకి 11లో 24హెచ్2 వెర్షన్ దగ్గర దారి మూసుకుపోయింది, ప్రాసెసర్‌లో కావాల్సిన ఇన్‌స్ట్రక్షన్లే లేక అది బూట్ కాదు. మీ ఐ5కి ఆ ఇబ్బంది లేదు, అయినా తెనాలిలో పెద్దాయన ఒక్కరే ఉన్నప్పుడు అలాంటిది పెట్టిపోకు.

డాలస్_నుంచి:

నేను కొత్తది కొనిపెట్టినవాడిని, అందుకే రాస్తున్నా. రాజమండ్రిలో అమ్మకి పోయిన ఏడాది 11తో వచ్చిన ల్యాప్‌టాప్ కొనిచ్చా, సెటప్ షాపులో కుర్రాడు చేశాడు. మార్చిలో బయోస్ అప్‌డేట్ ఏదో పడి, పొద్దున ఆన్ చేస్తే నీలం స్క్రీన్, 48 అంకెల రికవరీ కీ కొట్టమని. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్. అది ఆన్‌లో ఉందని ఇంట్లో ఎవరికీ తెలీదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే 11లో డిస్క్ తనంతట తనే లాక్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లోకి వెళ్తుంది. అకౌంట్ ఎవరిది? ఆ కుర్రాడు తన సొంత మెయిల్‌తో చేసేశాడు. అప్పటికి వాడు షాపు మానేశాడు. నాన్న పోయాక అమ్మ దాచుకున్న ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

రెండు రోజులు వెతికితే వాడి నెంబరు దొరికింది, మంచివాడు, వెంటనే కీ పంపాడు. నాకు ఇక్కడ అర్ధరాత్రి, అక్కడ మధ్యాహ్నం. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. నేను చదువుతుంటే అమ్మ ఒక్కో అంకె పైకి చెప్పుకుంటూ కొట్టింది, ఐదో గుంపు దగ్గర ఒకటి తప్పు పడి వెనక్కి వచ్చాం. తెరుచుకున్నాక ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

11 చెడ్డదని నేను అనను, ల్యాప్‌టాప్ దొంగతనం అయితే ఆ లాకే కాపాడుతుంది. కానీ పెద్దవాళ్ల కంప్యూటర్ మారుస్తుంటే అకౌంట్ మన చేతుల్లో ఉండాలి, కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి. ఈ రెండూ చేయలేనివాళ్లు తొందరపడి మారకపోవడమే మేలు.

పెంగ్విన్_వైజాగ్:

ఇంతమంది రాశారు, విండోస్ బదులు ఉచితంగా వాడుకునే లినక్స్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఆరో తరం ఐ5, 8 జీబీ, ఎస్సెస్డీ అంటే లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌కి హాయిగా సరిపోతుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. తెలుగు చక్కగా కనిపిస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. మన స్వేచ్ఛ సంస్థవాళ్లు ఏళ్ల తరబడి తెలుగులో లినక్స్ తేవడానికి పనిచేశారు, అది ఊరికే పోకూడదని నా బాధ. పెన్‌డ్రైవ్‌లో వేసి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే మీ నాన్నగారికి ఒక సాయంత్రం చూపించండి.

ఆడిట్_బాబాయ్:

బాబూ, చూపించడం వరకు సరే. కానీ డెబ్బై దాటినాయనకి ఫైలు ఎక్కడ సేవ్ అయిందో మళ్లీ నేర్పాలి, ప్రింటర్ డ్రైవర్ వెతకాలి. ఏలూరు అమ్మాయి వాడే పేజ్‌మేకర్‌కి లినక్స్ వెర్షనే లేదు. నాకు ఇష్టం లేక కాదు, పక్కనుండి నేర్పే మనిషి ఇంట్లో ఉంటేనే అది కుదురుతుంది.

తెనాలి_సిక్స్త్‌జెన్:

అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి వీడియో కాల్‌లో నాన్నతో కూర్చుని ఈఎస్‌యూకి ఎన్‌రోల్ చేయించా. ఆయనకి మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేదు, కొత్తగా చేశాం, ఆయన ఫోన్ నెంబరుతోనే. పాస్‌వర్డు పంచాంగం అట్ట లోపల రాసుకున్నారు. బ్యాంకు పని ఫోన్‌లోకి మార్చేశా, బ్రౌజర్‌లో సేవ్ అయినవి తుడిపించేశా. మొదట్లో ఏమవుతుంది అన్నవాడిని, హనుమకొండ అన్న ప్యాచ్ సంగతి చెప్పాక ప్యాచ్ లేకుండా ఇంటర్నెట్‌కి వదలకూడదని ఒప్పుకుంటున్నా. మిషన్ పారేయడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

అక్క అడిగిన ఫాంటు సంగతి కనుక్కున్నా. 2009 నుంచి ఆయన రాసుకున్న పద్యాలు, వ్యాఖ్యానం, మొత్తం 340 పేజీలు, అంతా గౌతమిలో ఉంది. ఫరవాలేదు, అది యూనికోడ్, ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. కానీ నా ల్యాప్‌టాప్‌లో, దానికి 11 కొత్తగా ఎక్కించా, ఆ ఫైలు తెరిస్తే అక్షరాలు నిర్మల ఫాంటులో వచ్చి పేజీలన్నీ జరిగిపోయాయి, పద్యపాదాలు మధ్యకి విరిగాయి. ఆయన ఎంటర్ కొట్టి కొట్టి సర్దుకున్న అమరిక అది. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటే వేశా, గౌతమి తిరిగొచ్చింది, పాదాలు చాలావరకు కుదురుకున్నాయి.

ఇంకో నలభై పేజీలు మాత్రం ఎవరో డీటీపీ ఆయన పాత లిపిలో కొట్టిచ్చినవి, తెరిస్తే మీరు చెప్పినట్టే బ్రాకెట్లు, డాలర్లు. శనివారం తెనాలి వెళ్తున్నా. అక్కా, అవి యూనికోడ్‌లోకి మార్చడానికి మీకు పంపొచ్చా? ఒత్తులు తప్పు పడితే నాన్న పక్కన కూర్చుని దిద్దుతానంటున్నారు.

ఏలూరు_డీటీపీ:

పంపు తమ్ముడూ. ముందు ఒక్క పేజీ పంపు, ఏ లిపో చూస్తా. అసలు కాగితం ప్రింటు ఉంటే దాన్ని కూడా ఫొటో తీసి పెట్టు, మార్చేటప్పుడు క్రావడులు, వట్రుసుడులు ఎక్కువగా చెడతాయి, పక్కన పెట్టుకుని చూడాలి.