చూపు తగ్గిన నాన్నకి మ్యాచ్ ఎలా చెప్పాలి?

పేట కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా నాన్నకి 81 ఏళ్ళు. నరసరావుపేటలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గ్లకోమా వల్ల పక్క చూపు ముందు పోయింది, తర్వాత మిగతాది కూడా. ఇప్పుడు టీవీలో వెలుగూ కదలికా తప్ప ఏమీ తెలియదు. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశారు, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కలు వేస్తున్నాం. ఆ సంగతి నాన్న నాకంటే తేలిగ్గా తీసుకున్నారు. క్రికెట్ దగ్గరే తీసుకోలేకపోతున్నారు.

మ్యాచ్ ఉందంటే మా ఇంట్లో మధ్యాహ్నం నుంచే హడావుడి. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుంటారు. "ఇంట్లో చూసేదానికి ఇస్త్రీ చొక్కా ఎందుకండీ" అని అమ్మ అడిగితే "వాళ్ళు వేసుకుని రావట్లా?" అంటారు.

అసలు బాధ మొదటి బంతి నుంచే. టీవీలో తెలుగు కామెంటరీ వస్తోంది, చాలా సంతోషం. కానీ వాళ్ళు మనకి బొమ్మ కనిపిస్తోందనుకునే మాట్లాడతారు. "అబ్బా, ఏం కొట్టాడండీ!" అంటారు. ఏం కొట్టాడో చెప్పరు. స్కోరు తెర మీద ఉంటుంది కాబట్టి నోటితో చెప్పరు. బంతికీ బంతికీ మధ్య సినిమా డైలాగులు. నాన్నేమో "ఎటు కొట్టాడ్రా? గాల్లోనా, నేల మీదా? ఫీల్డర్ ఎవరు?" అని వరసగా అడుగుతారు. నేను మొదటిదానికి జవాబు చెప్పేలోగా తర్వాతి బంతి పడిపోతుంది.

పోనీ ఫోన్లో పెడదామంటే ఓటీపీ, ప్రకటన, మళ్ళీ ప్రకటన. పైగా మా ఫోన్‌కి మ్యాచ్ ఆలస్యంగా వస్తుంది. మేడ మీద వాళ్ళు ముందే అరిచేస్తారు. నాన్న వెంటనే "వికెట్టా, సిక్సరా?" అంటారు. మా తెర మీద బౌలర్ ఇంకా పరుగు కూడా మొదలుపెట్టి ఉండడు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఆలిండియా రేడియో అయితే బంతి ఎటు పోయిందో చక్కగా చెబుతుంది, కానీ ఇంగ్లీషూ హిందీ మార్చి మార్చి వస్తాయి. నాన్నకి ఇంగ్లీషు పర్వాలేదు, హిందీ అంతగా రాదు. ఆట బిగువుగా ఉన్నప్పుడు భాష మారిపోతే రేడియో మీద అలుగుతారు.

ఇలాంటి పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో మీరెలా చేస్తున్నారు? ఇంకో మాట కూడా. ఈమధ్య నాన్న "2027 వరల్డ్ కప్ దాకా ఉంటానో లేదో" అంటున్నారు. ఆ మాటకి ఇంట్లో ఎవరికీ ఏం చెప్పాలో తెలియట్లేదు.

విశాఖ శ్రోత:
మీ పోస్టు చదివి ఆగలేకపోయాను బ్రదర్, ఎందుకంటే నేను మీ నాన్నగారి వైపు మనిషిని. చిన్నప్పటి నుంచీ నాకు చూపు తక్కువ. మ్యాచ్‌లన్నీ ఎవరో ఒకరు చెబితే విన్నవే. మా అన్నయ్య చెప్పినంత బాగా ఇంతవరకూ ఏ కామెంటేటరూ చెప్పలేదు.

వాడి పద్ధతి చెబుతాను. బంతి వేయకముందే ఎవరు వేస్తున్నారో, ఎవరు ఆడుతున్నారో, స్లిప్‌లో ఎంతమందో చెప్పేసేవాడు. బంతి పడగానే ముందు ఎక్కడ పడిందో, తర్వాత ఎటు పోయిందో, ఆఖర్న ఎన్ని పరుగులో. అరుపులు, చప్పట్లు అన్నీ దాని తర్వాతే. దయచేసి ముందు "అవుట్" అని చెప్పి అప్పుడు గెంతండి! మీరు గెంతుతుంటే మాకు ఏం జరిగిందో తెలియక గుండె ఆగిపోతుంది. పరుగు రాని బంతి కూడా చెప్పాలి. మీరు ఊరుకుంటే ఆట ఆగిందా, కరెంటు పోయిందా, మీరు ఫోన్ చూసుకుంటున్నారా అని మేం ఆలోచిస్తూ ఉంటాం. ఓవర్ అయ్యాక స్కోరు తప్పనిసరి. ఛేజింగ్ అయితే ఎన్ని బంతుల్లో ఎన్ని కావాలో కూడా చెప్పండి. లెక్కల మాస్టారు కాబట్టి మిగతాది ఆయనే వేసుకుంటారు.

దిక్కులు చెప్పడానికి అరచెయ్యి వాడండి. ఆయన అరచేతిని మైదానం అనుకోండి. మణికట్టు వైపు బౌలర్, వేళ్ళ వైపు బ్యాట్స్‌మన్. బంతి పోయిన దారిని మీ వేలితో గీయండి. నోటితో చెప్పే టైమ్ లేనప్పుడు కూడా ఇది అందుతుంది.

ఇంకోటి, మీ నాన్నగారికి అంధుల క్రికెట్ గురించి చెప్పండి. ప్లాస్టిక్ బంతి లోపల చిన్న చిన్న గుండ్లు ఉంటాయి, అది దొర్లుతుంటే గలగలమంటుంది. బౌలర్ కింది నుంచి వేస్తాడు. వేసేముందు "రెడీ?" అని అడగాలి, బ్యాట్స్‌మన్ "ఎస్" అనాలి, అప్పుడు "ప్లే" అంటూ వదలాలి. జట్టులో కనీసం నలుగురు పూర్తిగా చూపు లేనివాళ్ళు ఉండాలి, వాళ్ళు కొట్టిన ప్రతి పరుగూ రెండుగా లెక్క. మన దేశం 2014లోనూ, 2018లోనూ ఫైనల్లో పాకిస్తాన్‌ని ఓడించి వరల్డ్ కప్ గెలిచింది. కెప్టెన్సీ చేసిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి మన తెలుగువాడే, 2023కి అర్జున అవార్డు కూడా వచ్చింది. ఆ ఆటలో చెవే కన్ను. మీ నాన్నగారికి తప్పకుండా నచ్చుతుంది.

తెనాలి పిన్ని:
బాబూ, నాకు ఆట గురించి పెద్దగా తెలియదు, నీ రెండో ప్రశ్నకి మాత్రం చెబుతాను. మా వారు కూడా చివరి రోజుల్లో ఇలాంటి మాటే అనేవారు. ఇంట్లో అందరం "అవేం మాటలండీ, నూరేళ్ళు ఉంటారు" అని నోరు మూయించేవాళ్ళం. వీధి చివర ఇస్త్రీ చేసే అబ్బాయి మాత్రం బట్టలివ్వడానికి వచ్చినప్పుడల్లా కాసేపు కూర్చుని ఆయన చెప్పేది వినేవాడు. "ఉంటే ఏం చేద్దామనుకుంటున్నారు సార్?" అని అడిగేవాడు. ఇక ఆయన చెప్పుకుంటూ పోయేవారు. మనవరాలి పెళ్ళి, మామిడి చెట్టు, తిరుపతి ప్రయాణం. మేం కన్నబిడ్డలం, కట్టుకున్నవాళ్ళం, మాకు రాని పని ఆ పిల్లాడు చేశాడు. ఆ అబ్బాయంటే ఈనాటికీ నాకు ఎంతో అభిమానం.

అందుకని మీ నాన్నగారు 2027 అంటే మాట దాటెయ్యకు. ఆ వరల్డ్ కప్ ఎక్కడ, ఏ టైముకి వస్తుంది, ఎవరు ఆడతారనుకుంటున్నారు అని అడుగు. ఆయన చెప్పనీ.

రాత్రి డ్యూటీ:
పిన్నిగారి మాటకి చిన్న సాయం. 2027 వన్డే వరల్డ్ కప్ దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో, అక్టోబరు నవంబరు నెలల్లో. అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్కడ పొద్దున పదింటికి మొదలయ్యే మ్యాచ్ మనకి మధ్యాహ్నం ఒకటిన్నరకి. 2003లో సచిన్ పాకిస్తాన్ మీద 98 కొట్టిన సెంచూరియన్ మ్యాచ్ ఇలాగే మన భోజనాల వేళకి వచ్చింది. పెద్దవాళ్ళు రాత్రంతా మేలుకోవాల్సిన పని ఉండదు.

మీరు ఇంట్లో లేనప్పుడు ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టండి. బంతి బంతికీ రాసే లైవ్ స్కోరు పేజీని పైకి చదివి వినిపిస్తుంది. తెలుగు గొంతు కూడా ఉంది. హైదరాబాద్ వచ్చే వీలుంటే ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తక్కువైనవాళ్ళకి ఇలాంటివి నేర్పే విభాగం ఉంది, ఒకసారి అడగండి.

పేట కుర్రాడు:
అందరికీ చాలా చాలా థాంక్స్. విశాఖ శ్రోత గారూ, అరచెయ్యి పద్ధతి నిన్న మొదలుపెట్టాం. మొదటి ఓవర్లో నాన్న చక్కిలిగిలి అని చెయ్యి లాగేసుకున్నారు. మూడో ఓవర్‌కల్లా "అది పాయింట్ కాదురా, నువ్వు గీసింది గల్లీ" అని దిద్దడం మొదలైంది. అమ్మ ఇప్పుడు ఓవర్ అవగానే స్కోరు చెబుతోంది. ఇన్నేళ్ళూ క్రికెట్ అంటే విసుక్కున్న మనిషి!

పిన్నిగారూ, మీరు చెప్పినట్టే అడిగాను. నాన్న గంటసేపు మాట్లాడారు. 2027 జట్టులో ఎవరుండాలో చెప్పి, అక్కడి నుంచి 2001లోకి, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో ఆడిన టెస్టుకి వెళ్ళిపోయారు. మనది ఫాలో ఆన్‌లో పడ్డ జట్టు, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కి దిగాల్సి వచ్చింది. నాలుగో రోజు పొద్దున స్కోరు 254కి 4. సాయంత్రానికి 589కి 4. లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా ఆడారు, ఒక్క వికెట్ పడలేదు. ఆ రెండు స్కోర్లూ నాన్నకి నోటికొచ్చు. నేను ఫోన్లో స్కోర్‌కార్డు తీసి చదివితే ఎక్కడా తేడా లేదు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, ఇద్దరి మధ్యా 376, మనం గెలిచింది 171 పరుగులతో. ఆ ఇన్నింగ్స్ మొత్తం మళ్ళీ చెప్పమంటున్నారు, అరచేతి మీద. దానికి ఓటీపీ అక్కర్లేదు, మేడ మీద ఎవరూ ముందే అరవరు, అందుకని నేను రెడీ.

ఒక్కచోటే చిక్కుపడ్డాను, శ్రోత గారూ. ఆస్ట్రేలియా స్పిన్నర్ వార్న్ లెగ్ సైడ్ పిచ్ గరుకైన చోట వేసిన బంతిని లక్ష్మణ్ ముందుకొచ్చి కవర్స్ వైపు కొట్టేవాడు కదా. బంతి తిరగడం, అతను ముందుకు రావడం రెండూ ఒకే వేలితో ఎలా గీయాలి? మీ అన్నయ్యని అడిగి ఆదివారంలోగా చెప్పగలరా?